పాస్టరుగారొక్కరే ఎన్ని ఇళ్లు తిరుగుతారు? సంఘంలో పరామర్శ జట్టు కట్టుకునే పద్ధతి

"ఆస్పత్రిలో పది రోజులున్నా సంఘం నుంచి ఒక్కరూ రాలేదండీ." ఈ ఫిర్యాదు వినని సంఘ పెద్ద ఉండరు. కాస్త విచారిస్తే విషయం బయటపడుతుంది: అందరికీ తెలుసు, అందరూ జాలిపడ్డారు, ఎవరో ఒకరు వెళ్లే ఉంటారని అందరూ అనుకున్నారు. ఫలానా ఇంటికి ఫలానావాళ్లు, ఫలానా రోజున వెళ్లాలని ఎక్కడా రాసి లేదు, అంతే. యెరూషలేము సంఘంలో కొందరు విధవరాండ్రకు రోజువారీ ఆహారం అందనప్పుడు అపొస్తలులు ప్రేమ మీద ఇంకో ప్రసంగం చేయలేదు. సంఘం చేతే ఏడుగురిని పేరుపేరునా ఎంపిక చేయించి ఆ పని అప్పగించారు (అపొ. కా. 6). కింద చెప్పేది ఆ పద్ధతే. 60 కుటుంబాలున్న సంఘాన్ని లెక్కలోకి తీసుకున్నాం. మీది చిన్నదైతే అంకెలు తగ్గించుకోండి.

కావలసినవి

- 200 పేజీల గట్టి అట్ట నోటుపుస్తకం ఒకటి. కంప్యూటరు అక్కర్లేదు.
- 8 జంటలు, అంటే 16 మంది. భార్యాభర్తలైనా సరే, ఇద్దరు స్త్రీలైనా సరే. జంటకు 8 ఇళ్లు దాటకూడదు.
- పుస్తకం తన దగ్గర ఉంచుకునే మనిషి ఒకరు. బాగా మాట్లాడేవాళ్లు కన్నా నోరు కట్టుకోగలవాళ్లు ఈ పనికి నయం.
- సహాయ నిధికి విడిగా పెట్టె లేదా బ్యాంకు ఖాతా, దానికి ఇద్దరు బాధ్యులు.
- మూతలు బిగుతుగా ఉండే స్టీలు క్యారియర్లు 4.
- బియ్యానికి మూత ఉన్న డబ్బాలు 2.

1. ఇళ్లు పంచుకోండి

సంఘ సభ్యుల పట్టీ ముందేసుకుని కూర్చోండి. పట్టీలో లేకపోయినా ఆరాధనకు వచ్చేవాళ్లను కూడా చేర్చండి. బాప్తిస్మం తీసుకోలేదని, కానుక కవరు లేదని ఎవరినీ వదలొద్దు. వారానికి ఒక ఇల్లు చొప్పున వెళ్తే రెండు నెలల్లో ఒక జంట తన 8 ఇళ్లూ చూసేస్తుంది.

ఇక్కడ జరిగే మొదటి పొరపాటు ఏ పేట వాళ్లకు ఆ పేట అప్పగించడం. దగ్గరే కదా అని సులువుగా అనిపిస్తుంది. కానీ సంఘంలో అప్పటికే ఉన్న గీతలు దాంతో ఇంకా గట్టిపడతాయి. జంటకు ఇచ్చే 8 ఇళ్లలో కనీసం 3 వేరే పేటవి ఉండాలి. రెండో పొరపాటు పాస్టరుగారి ఇంటిని ఏ జంటకూ ఇవ్వకపోవడం. అయ్యగారికి జ్వరమొస్తే, అమ్మగారికి మనసు బాగోలేకపోతే చూసేదెవరు? ఆ ఇంటి పేరు కూడా పట్టీలో రాయండి.

ప్రత్యామ్నాయం: 20 కుటుంబాల లోపు సంఘమైతే మూడు జంటలు చాలు. స్త్రీల సమాజం చురుగ్గా ఉన్నచోట కొత్త జట్టు కట్టకుండా వాళ్లకే అప్పగించండి. ఉన్న జట్టుకు పోటీగా ఇంకోటి పెడితే రెండూ పాడవుతాయి.

2. పుస్తకంలో గళ్లు గీయండి

ఇంటికి రెండు పేజీలు. గళ్లు ఐదు: తేదీ, వెళ్లినవాళ్లు, ఇంటి పరిస్థితి ఒక్క ముక్కలో, చేస్తామని చెప్పిన పని, మళ్లీ వెళ్లవలసిన తేదీ. ఐదో గడి ఖాళీగా ఉంటే ఆ సందర్శన పూర్తికానట్టే లెక్క.

మూడో గడిలో గుట్టు రాయకండి. "కొడుకు తాగి కొడుతున్నాడు" అని కాకుండా "ఇంట్లో ఇబ్బంది, మాట్లాడాలి" అని రాస్తే చాలు. పుస్తకం ఏదో ఒక రోజు ఎవరి చేతిలోనో పడుతుందని అనుకునే రాయాలి.

వెనక పేజీల్లో బ్లడ్ గ్రూపుల పట్టీ వేయండి. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, 45 కిలోలకు తగ్గని బరువు, 12.5కు తగ్గని హిమోగ్లోబిన్ ఉన్నవాళ్లు రక్తం ఇవ్వొచ్చు. ఒకసారి ఇచ్చాక మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. కాబట్టి పేరు పక్కన చివరిసారి ఇచ్చిన తేదీ కూడా ఉండాలి. ఎవరికి సరిపోతుందో చివరికి తేల్చేది బ్లడ్ బ్యాంకే.

3. రాని వాళ్లను గమనించండి

వరుసగా రెండు ఆదివారాలు కనిపించకపోతే, రెండో ఆదివారం తరవాత వచ్చే మంగళవారంలోగా ఫోను వెళ్లాలి. మెసేజి సరిపోదు, గొంతు వినిపించాలి. "ఏంటి బ్రదర్, చర్చికి రావట్లేదు?" అని మొదలెడితే అవతలివాళ్లు సంజాయిషీ వెతుక్కుంటారు, అసలు సంగతి చెప్పరు. "వందనాలండీ, ఎలా ఉన్నారు? అమ్మగారి మోకాళ్ల నొప్పి తగ్గిందా?" అని అడిగి ఊరుకోండి. మిగతాది వాళ్లే చెబుతారు.

పొట్టకూటికి వెళ్లినవాళ్లను లెక్కలోంచి తీసేయకండి. కడప, గోదావరి జిల్లాల సంఘాల్లో కువైట్‌లో ఇంటి పనికి వెళ్లిన అక్కలు ఎందరో. పిల్లలు ఇక్కడ అమ్మమ్మ దగ్గర ఉంటారు. ఆ ఇంటికి నెలకొకసారి వెళ్లండి. ఆ తల్లికి కూడా నెలకొక ఫోను చేయండి. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. వారపు సెలవు శుక్రవారం. అయితే ఇంటి పనిలో ఉన్నవాళ్లకు ఆ సెలవు దొరుకుతుందన్న నమ్మకం లేదు, కాబట్టి ఏ వేళ చేయాలో ముందే అడిగి రాసుకోండి.

4. ఇంటికి వెళ్లే పద్ధతి

ముందు రోజు చెప్పి వెళ్లండి. సాయంత్రం 5 నుంచి 7 మధ్య అయితే వంటకీ పిల్లల చదువుకీ అడ్డు రాదు. అరగంట మించి కూర్చోవద్దు. ఒక్కరే వెళ్లొద్దు. స్త్రీ ఒంటరిగా ఉన్న ఇంటికి వెళ్లే జంటలో ఒక స్త్రీ తప్పకుండా ఉండాలి.

ఆ అరగంటలో 20 నిమిషాలు వాళ్లే మాట్లాడాలి. తరవాత "దేని గురించి ప్రార్థన చేయమంటారు?" అని అడగండి. ఐదారు వచనాలు చదివి, వాళ్లు చెప్పిన దాని గురించే మూడు నిమిషాలు ప్రార్థించండి. 23వ కీర్తన, 121వ కీర్తన, యోహాను 14 మొదటి వచనాలు చాలా ఇళ్లకు సరిపోతాయి. ప్రార్థనలో బోధ చేయకండి. "ప్రభువా, ఈ సహోదరుడు కోపం తగ్గించుకునేలా..." అని కళ్లు మూసుకుని అంటించే చురక అందరికీ అర్థమవుతుంది, అతనికి ముందే అర్థమవుతుంది.

లేచేటప్పుడు "ఏమైనా కావాలంటే చెప్పండి" అనే మాట మానేయండి. ఆ మాటకు ఎవరూ ఏమీ అడగరు. పని పేరు పెట్టి అడగండి: "రేపు మధ్యాహ్నం క్యారియర్ పంపుతాం, కారం తగ్గించమంటారా?" "గురువారం డాక్టరు దగ్గరికి ఆటో మాట్లాడనా?" "కరెంటు బిల్లు మావాడు కట్టేసి వస్తాడు, ఇవ్వండి."

5. ఆస్పత్రికి వెళ్తే

- ఫోను చేసి సందర్శకుల వేళ కనుక్కోండి. పది నిమిషాలు చాలు. ఇద్దరికి మించి మంచం దగ్గర నిలబడొద్దు.
- దగ్గు, జలుబు ఉంటే ఆ రోజుకు మానుకోండి. లోపలికి వెళ్లేముందూ వచ్చాకా చేతులు కడుక్కోండి.
- షుగరు ఉన్నవాళ్లకు హార్లిక్స్ సీసా, బత్తాయిల సంచి పట్టుకెళ్లకండి. కీమోథెరపీ జరుగుతున్నవాళ్లకు పళ్లు, పూలు కూడా డాక్టరును అడిగాకే.
- నూనె రాసి ప్రార్థించడం మీ సంఘంలో ఉంటే నుదుటి మీద ఒక్క చుక్క. కుట్ల మీద, గాయం మీద, సెలైన్ సూది దగ్గర వద్దు.
- గొంతు తగ్గించండి. పక్క మంచంలోనూ ఒక రోగి ఉన్నారు. వాళ్లు అడగనిదే వాళ్ల దగ్గరికి వెళ్లొద్దు.
- మందులు ఆపమని ఎవరూ, ఎప్పుడూ చెప్పకూడదు. షుగరు, బీపీ, ఫిట్స్, టీబీ మందులు "విశ్వాసంతో" ఆపేసి తిరిగి ఆస్పత్రిలో పడ్డవాళ్లకు చేసే పరామర్శ చాలా కష్టం.

రోగి కన్నా పక్కన కూర్చున్న మనిషికి ఎక్కువ సాయం కావాలి. రాత్రంతా బల్ల మీద పడుకున్న ఆ భార్యకో కొడుకుకో మూడు గంటలు సెలవివ్వండి. స్నానం చేసి, తిని, పడుకుని వస్తారు. ఆ వేళలో మీరు కూర్చోండి. ప్రభుత్వ వైద్య పథకం, అంటే ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆ ఆస్పత్రిలో ఉందేమో, కార్డు చూపించారేమో కనుక్కోండి. బిల్లు పెరిగాక కన్నా చేరిన రోజే కౌంటరులో అడగడం మంచిది.

6. చావు జరిగిన ఇల్లు

మొదటి రోజు మాటలకన్నా పనులు ఎక్కువ. వాటిని ఇలా పంచుకోండి: సమాధుల తోటలో చోటు, తవ్వేవాళ్లు ఒకరు, పెట్టె, ఫ్రీజర్ బాక్సు ఒకరు, కుర్చీలు, షామియానా, మంచినీళ్లు ఒకరు, ఊళ్లకు కబురు ఒకరు, పిల్లలకు, ముసలివాళ్లకు వేళకు తిండి ఒకరు. ఈ చివరి పనే ఎక్కువగా మర్చిపోతారు. షుగరున్న పెద్దావిడ మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా శవం పక్కన కూర్చుంటుంది.

అక్కడ అనకూడని మాటలు: "దేవుడు ప్రేమించినవాళ్లను త్వరగా తీసుకెళ్తాడు." "దేవుని చిత్తం, ఏడవకూడదు." "ఇంకా చిన్నవాళ్లే, మళ్లీ పిల్లలు పుడతారు." "ఏదైనా ఒప్పుకోని పాపం ఉందేమో." చివరి మాటకు జవాబు యోహాను 9:3లోనే ఉంది: పుట్టుగుడ్డివాడి గురించి "వీడైనా వీడి తల్లిదండ్రులైనా పాపం చేయలేదు" అని యేసు అన్నాడు. అన్నీ మేలుకే జరుగుతాయనే రోమా 8:28 నిజమే, కానీ మొదటి రోజు చదవాల్సిన వచనం కాదు. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా నేల మీద కూర్చున్నప్పుడు బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే చెడింది. చేయి పట్టుకుని పక్కన కూర్చోండి, చాలు.

ఆదరణ కూడిక అయ్యాక జనం పల్చబడతారు. మీ పని అప్పుడే మొదలవుతుంది. పుస్తకంలో ఈ తేదీలు ఆ రోజే రాసేయండి: 10వ రోజు, 40వ రోజు, 3 నెలలు, పెళ్లిరోజు, మొదటి క్రిస్మస్, సంవత్సరం. క్రిస్మస్ నాడు ఆ ఇంటికి ఆరాధన తరవాత ఒక కుటుంబం భోజనం పట్టుకుని వెళ్లాలి. 40వ రోజు వెళ్లినప్పుడు పోయినవాళ్ల పేరు మీరే ఎత్తండి. పేరెత్తితే ఏడుస్తారని అందరూ తప్పించుకుంటారు. ఆ ఇంట్లోవాళ్లకు కావలసిందే ఆ పేరు వినడం.

కాగితాల పని కూడా పరామర్శే. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. దాటితే ఆలస్య రుసుము, తిరుగుడు తప్పవు. ధృవపత్రం కాపీలు ఎక్కువే తీయించి ఇవ్వండి. బ్యాంకు, బీమా, వితంతు పింఛను అన్నిటికీ అదే అడుగుతారు. చదువుకున్న యవనస్థుడొకరు ఆ అమ్మతో కలిసి సచివాలయానికో బ్యాంకుకో వెళ్లాలి. "వెళ్లండి, ఇస్తారు" అని చెప్పి పంపడం సాయం కాదు.

7. భోజనాల వంతు

కాన్పు, ఆపరేషను, చావు, ఈ మూడింటికీ ఒకటే పద్ధతి. 10 రోజులు, 5 ఇళ్లు, ఇంటికి రెండు రోజులు, రోజుకు ఒక పూట. అన్నం, పప్పు, ఒక కూర, పెరుగు. బిర్యానీలు వద్దు. మూడో రోజుకే పారేస్తారు. బాలింతకు ఏం పెడతారో, ఏం పెట్టరో ఆ ఇంటి పెద్దావిణ్ణి అడగండి, మీ ఇంటి పథ్యం వాళ్ల మీద రుద్దకండి. క్యారియర్ మీద పేరు రాయండి. మర్నాటి వంతువాళ్లే పాత క్యారియర్ వెనక్కి తెచ్చేస్తే ఆ ఇంటికి అదొక బరువు కాకుండా ఉంటుంది.

8. బియ్యం, డబ్బు

పిడికెడు బియ్యం పద్ధతి మన సంఘాల్లో పాతదే. రోజూ ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు పక్కన పెడతారు. పిడికెడు 50 గ్రాములనుకుంటే నెలకు కిలోన్నర. 40 ఇళ్లు ఇస్తే 60 కిలోలు. నెలకు ఆరు కుటుంబాలకు పదేసి కిలోలు ఇవ్వొచ్చు. పాడయ్యేది ఎక్కడంటే, సన్నబియ్యం, దొడ్డుబియ్యం, దోసెల బియ్యం ఒకే డబ్బాలో పోసేస్తారు. అన్నం సగం ఉడికీ సగం చిదిమీ అవుతుంది. తీసుకున్నవాళ్లు పైకి చెప్పరు, వండుకోరు. అందుకే డబ్బాలు రెండు: సన్నవి ఒకదాంట్లో, దొడ్డువి ఒకదాంట్లో. దోసెల బియ్యం తీసుకోవద్దు. ఎండుమిర్చీ వేపాకూ వేసి, నెల దాటకుండా పంచేయండి. ఇంటికి చేర్చండి. ఆరాధన అయ్యాక అందరి ముందూ పిలిచి సంచి చేతికివ్వడం, ఫొటో తీయడం వద్దు.

డబ్బుకు నియమాలు నాలుగు. 2,000 రూపాయల వరకు ఇద్దరు బాధ్యులు అదే రోజు ఇచ్చేయొచ్చు, పైన అయితే పెద్దలను అడగాలి. వీలైనంతవరకు మందుల షాపుకో, స్కూలు ఫీజుకో నేరుగా కట్టాలి. లెక్కల్లో "వైద్యం 1,500" అని చదవాలి, పేరు చదవకూడదు. నాలుగోది కఠినంగా పాటించాలి: అప్పు ఇవ్వొద్దు. అప్పు తీర్చలేనివాళ్లు ముందు మీ కళ్లు తప్పించుకుంటారు, తరవాత ఆరాధన మానేస్తారు. ఇవ్వగలిగింది ఇచ్చి మర్చిపోండి. జట్టు సభ్యులు సొంతంగా కూడా ఆ ఇళ్లతో చీటీలు, అప్పులు పెట్టుకోకూడదు.

9. మీ చేతులు దాటిన సంగతులు

ప్రార్థనతో పాటు వేరేవాళ్ల సాయం తప్పనివి కొన్ని ఉంటాయి. నంబర్లు పుస్తకం అట్ట మీద రాయండి.

- చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే తేలిగ్గా తీసుకోకండి. "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని సూటిగా అడగొచ్చు, అడిగితే ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలొద్దు. పురుగుమందు, మాత్రలు అందకుండా తీసేయించండి. మానసిక సహాయానికి ప్రభుత్వ ఫోను లైను టెలీమానస్ 14416. ప్రమాదం కళ్లెదుటే ఉంటే 108.
- ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడపిల్లకు "సహించమ్మా, ప్రార్థించు, మారతాడు" అని చెప్పి ఆ ఇంటికే తిరిగి పంపొద్దు. ముందు ఆమె క్షేమం. 181కి ఫోను. ఆమెకు చెప్పకుండా భర్తతో "రాజీ" మాట్లాడితే ఆ రాత్రి దెబ్బలు పెరుగుతాయి.
- పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి. పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడమే నేరం. సంఘం పరువు అంటూ పెద్దల కూటంలో సర్దుబాటు చేసే హక్కు ఎవరికీ లేదు. పిల్లల సహాయ నంబరు 1098.
- రోజూ బాగా తాగేవాళ్ల చేత ఒక్కసారిగా మానిపించి గదిలో కూర్చోబెట్టకండి. రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చూస్తుండగా మానాలి. తాగుడు, మత్తు మాన్పించే సహాయ నంబరు 14446.

ఎక్కువగా చెడేది ఇక్కడ: ప్రార్థన విన్నపాలు

"ప్రార్థన చేయండి, ఫలానా సిస్టర్ కూతురి సంబంధం తప్పిపోయింది" అని గ్రూపులో పెట్టేస్తారు. ప్రార్థన పేరుతో ఊరంతా తెలుస్తుంది. ఆ తల్లి ఇంకెప్పుడూ ఎవరికీ ఏమీ చెప్పదు. కాబట్టి చెప్పినవాళ్లనే అడగాలి: "ఇది మన ముగ్గురి మధ్యే ఉంచనా? పాస్టరుగారికి చెప్పనా? సంఘంలో ప్రార్థనకు పెట్టనా?" జవాబు రాకపోతే మొదటిదే లెక్క. జబ్బు పేరు, రిపోర్టు ఫొటో, మంచం మీది ఫొటో వాట్సాప్‌లో పెట్టొద్దు. బాప్తిస్మం ఫొటోలు కూడా అడిగే పెట్టాలి, ఇంట్లో ఇంకా చెప్పుకోనివాళ్లు ఉంటారు. ఒకసారి మాట బయటపెట్టిన సభ్యుణ్ణి మందలించండి. రెండోసారి జరిగితే మర్యాదగా వేరే పని ఇవ్వండి. గాయక బృందంలోనైనా సరే.

పని జరుగుతోందా లేదా: మూడు నెలలకోసారి చూసుకోవడం

జంటలన్నీ ఒక గంట కూర్చోండి. పుస్తకం తెరవండి.

1. ఐదో గడిలోని తేదీ దాటిపోయినా ఎవరూ వెళ్లని ఇళ్లు ఎన్ని? ఐదుకు మించితే జంటలు తక్కువైనట్టు. ఎవరినీ తిట్టకుండా ఇళ్లు మళ్లీ పంచండి.
2. ఎక్కువసార్లు వెళ్లిన మూడు ఇళ్లు ఏవి, అసలు వెళ్లనివి ఏవి? కాఫీ, టిఫిన్ పెట్టే ఇళ్లకు ఎక్కువ, ఊరి చివర రేకుల ఇంటికి తక్కువ ఉంటే పుస్తకమే చెబుతుంది. ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ వేరుగా చూడొద్దని చెప్పే యాకోబు 2 చదివి మొదలుపెట్టండి ఆ రోజు.
3. చేస్తామని చెప్పిన పనుల్లో చేయనివి ఎన్ని? ఒక్కటున్నా ఆ వారమే తీర్చండి.
4. సాయం పొందిన ముగ్గురిని పుస్తకం చూసుకునే మనిషి విడిగా అడగాలి. "ఎవరైనా వచ్చారా?" అంటే మొహమాటానికి వచ్చారంటారు. "మీరు చెప్పని మనిషి నోట మీ సంగతి విన్నారా?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు "విన్నాం" అని వస్తే మిగతా లెక్కలన్నీ ఆపి ముందు అది చూడాలి.
5. ఇదివరకు సాయం తీసుకున్నవాళ్లలో ఎవరైనా ఇప్పుడు క్యారియర్ పంపుతున్నారా, ఇంకొకరి ఇంటికి వెళ్తున్నారా? ఎప్పుడూ ఆ నలుగురే ఇస్తుంటే, మిగతావాళ్లను ఎవరూ అడగలేదన్నమాట. పింఛను మీద బతికే ముసలమ్మనైనా అడగండి, రోజుకో ఇంటికి ఫోను చేసి పలకరించే పని ఆవిడ చేసినంత బాగా ఎవరూ చేయరు.

జట్టు సభ్యుడి పని ఒక ఏడాదే. ఆ తరవాత ఆరు నెలలు సెలవు, బలవంతంగానైనా. మూడు చావులు ఒకే నెలలో చూసిన జంటకు ఏడాది ఆగకుండా ఆ నెలే సెలవివ్వండి. వాళ్ల ఎనిమిది ఇళ్లూ తాత్కాలికంగా ఎవరు చూస్తారో పేరు రాసి, ఆ పేరు కింద సెలవులో ఉన్న ఆ జంట ఇంటిని కూడా తొమ్మిదోదిగా చేర్చండి.